యముడి తల్లి పాట

నాచారం,
12 అక్టోబరు 2008

చిరంజీవి సౌభాగ్యవతి సంతోషికి అత్తమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మామ బాగున్నాము. చర్లపల్లి ఫ్యాక్టరీలో ఆయనకు మళ్లీ పొద్దటి డ్యూటీ వేశారు, అందుకని ఇల్లు కూడా ప్రశాంతంగా ఉంది. పుణెలో మీరిద్దరూ క్షేమమని తలుస్తాను. ఫోన్ చేస్తే ఎప్పుడూ మహిపాలే ఎత్తుతాడు, అందుకే ఈ ఉత్తరం.

మీ నాటకం పాటల సీడీ విన్నారా అని అడిగావు. విన్నాము. నాటకం చూడకపోయినా పాటలతోనే కథంతా తెలిసింది. యముడి దున్నపోతు సమ్మె చేసే పాటకు మీ మామ చాయ్ ఒలకబోసుకున్నాడు. చిత్రగుప్తుడు ముక్కుతో పాడుతున్నాడు, నాకు నచ్చలేదు. ఇక నువ్వు పాడిన యముడి తల్లి పాట. కొడుకు డ్యూటీ దిగి రాగానే "నాకేంది, నేనేమన్న అంటనా" అని మొదలుపెట్టి, ఆపకుండా తిట్టే ఆ తల్లి ఎవరో నాకు తెలియక కాదు. మొదటి రోజు కోపం వచ్చింది, అబద్ధమెందుకు. మరునాడు మీ మామ లేనప్పుడు మళ్లీ పెట్టుకున్నాను. అప్పుడు నవ్వొచ్చింది.

అమ్మ నొచ్చుకుంటుంది, ఆ వేషం మానెయ్ అని మహిపాల్ అంటున్నాడనీ, నేను వద్దంటే నువ్వు దీపావళికి వేసే నాటకం నుంచే తప్పుకుంటాననీ రాశావు. వెంటనే జవాబు రాయలేకపోయాను. నాకు నవ్వొస్తే సరిపోదు, నలుగురూ ఏమంటారో తెలియాలి కదా.

సద్దుల బతుకమ్మ నాడు మన గల్లీలో ఎప్పటిలాగే మైకు పెట్టారు. బతుకమ్మ పాటల సీడీ అయిపోయి ఇంకోటి పెట్టేసరికి నీ పాట వచ్చింది. దాని నడక చప్పట్లకు సరిపోవడంతో ఆడవాళ్లు ఆగకుండా తిరిగారు. ఒక చుట్టు అయ్యాక గానీ మాటలు చెవికెక్కలేదు. ముందు ఎదురింటి కౌసల్యమ్మ ఆగింది. దేవుడి దగ్గర ఎవరైనా గట్టిగా నవ్వినా ఒప్పుకోని మనిషి. ఆమెను చూసి అందరూ ఆగారు.

"సారలక్కా, గీ తిట్లు నీయే గదా?" అన్నది.

అవును, మా కోడలు పాడింది అన్నాను.

"నా కోడలు గూడ నన్ను గిట్ల పాడితే బాగుండు. మా ఇంట్ల మాటనే లేదు. మల్ల పెట్టు" అన్నది.

మళ్లీ పెట్టారు. అందరూ నవ్వుతూ తిరిగారు. ఆమె కూడా తిరిగింది.

సీడీలు తారుమారయ్యాయని గల్లీలో చెప్పాను, మీ మామతోనూ అదే అన్నాను. నీ దగ్గర దాచను. పెట్టింది నేనే.

కాబట్టి వేషం మానకు. మహిపాల్‌కు నామోషీగా ఉంటే తనకే అని చెప్పమను, నా పేరు వాడుకోవద్దను. నాకు ఉన్న బాధ ఒక్కటే. ఎంత తిట్టినా నేను వాడిని ఏ రోజూ ఆకలితో పడుకోనివ్వలేదు. పాటలో ఆ తల్లి తిట్టి ఊరుకుంది, అన్నం పెట్టలేదు. అది చేర్చండి.

ఇట్లు,
నీ అత్తమ్మ
సారలమ్మ