పీరు అరుగు మీద నా చావు

నడిమిపాలెం కాపురస్తురాలు, కీర్తిశేషులు వీరాస్వామి గారి భార్య ఆదెమ్మ అనే నేను, కడుపులో గడ్డ ముదిరి ఆసుపత్రివాళ్ళు ఇంటికి పొమ్మన్నా తెలివి చెడలేదు గనుక, ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. జిల్లా పేరు దగ్గర లేఖరి కలం ఆపాడు. చుట్టూ ప్రకాశం జిల్లా, నడుమ మా పాలెం ఒక్కటే గుంటూరు జిల్లా. కొత్త జిల్లా గీసినప్పుడు మమ్మల్ని మరిచిపోయారు, ఇప్పుడు రెండు జిల్లాలవాళ్ళూ మాది కాదంటారు. ఖాళీగా వదిలేయమన్నాను.

1. నా పేరున ఉన్న ఎకరంన్నర మిరప చేను, రేకుల ఇల్లు నా కోడలు కోటేశ్వరికి సర్వహక్కులతో చెందాలి. పత్తి పోయిన ఏడు నా కొడుకు వీరబాబు పురుగుమందు తాగి ఆ చేలోనే పడిపోయాడు. ఈ జిల్లా పోలీసులు ఆ జిల్లాదన్నారు, ఆ జిల్లావాళ్ళు ఈ జిల్లాదన్నారు. పొద్దుగూకేదాకా శవం మీద ఈగలు తోలుతూ కూర్చున్నాను. వాడి చావు ఈనాటికీ ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు. సర్కారు దృష్టిలో నా కోడలు విధవ కాదు, పింఛను లేదు. ఓట్లప్పుడు మాత్రం అందరికీ కనపడతాం.

2. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. పాలెంలో పోతే నా చావూ కాగితం ఎక్కదు. ఆ కాగితం లేకపోతే చేను కోటేశ్వరి పేరుకు మారదు, నా మరిది దున్నుకుంటాడు. కాబట్టి ఊపిరి ఉండగానే నన్ను మంచంతో సహా మా పొలిమేర బండ్ల డొంక దాటించి ప్రకాశం జిల్లాలోకి మోయాలి.

3. ఆ మరిది చెంచురామయ్య ఇల్లు డొంక అవతలే. సిగ్గు విడిచి అతన్నే ముందు అడిగాను. వదినా, చెడ్డ నక్షత్రంలో పోయావంటే ఆరు నెలలు ఇల్లు పాడుపెట్టి మేమెక్కడికి పోవాలి అన్నాడు. పంచాంగం చూసుకుని చచ్చే వీలు నాకు లేదు. అతనికి నా ఇత్తడి తాళంకప్ప, చెవితో సహా ఇస్తున్నాను. ఎప్పటికైనా పనికొస్తుంది.

4. డొంక అవతలే సైకిళ్ళు బాగుచేసే పీరు, నేను అడక్కుండానే వచ్చి, మాకు నక్షత్రాల పట్టింపు లేదక్కా, మా అరుగు మీద పడుకో అన్నాడు. ఆ మాటకు వలవలా ఏడ్చాను. పీరుకు నా చూడి మేక. అతని భార్య సర్దార్‌బీకి కోటేశ్వరి ఏటా ఒక జాడీ పండుమిరప పచ్చడి పెట్టాలి. ఉప్పు తగ్గించి పెట్టవే, ఆమెకు బీపీ.

5. మనవరాలు నాగజ్యోతికి నా వెండి మురుగులు. రేపు దానికి పెళ్ళయి పురిటికి వస్తే ఆ పురుడు కూడా డొంక అవతలే పొయ్యాలి. పుట్టేవాళ్ళైనా ఏదో ఒక జిల్లాలో పుట్టాలి.

6. ఇవన్నీ జరిపించే బాధ్యత బడిపంతులు జక్రయ్య గారిది. అయ్యా, నా కొడుకు పడ్డ చేను కంటికి ఆనేలా మా గడపలోనే కన్నుమూయాలని నాకు ఉంది. ఆఖరున మనసు మారి, ఇంట్లోనే పోతాను, కదపొద్దని మీ చేతులు పట్టుకుని ఏడుస్తానేమో. వినొద్దు. మొయ్యండి.

చదివి వినిపించగా ఒప్పుకుని వేసిన వేలిముద్ర: ఆదెమ్మ
తేదీ: 11 ఫిబ్రవరి 2004
సాక్షులు: షేక్ సిలార్, బత్తుల కోటేష్
చోటు: నడిమిపాలెం, ................ జిల్లా