ఊపిరి మిషన్‌దా, ఆయనదా?

నాన్నా,

"కాళ్లు పిసుకుడు నేర్సుకోనీకి కాలేజా?" అని, బతికుండగా పటాన్‌చెరు చాయ్ హోటల్లో నా ఫిజియోథెరపీ చదువును ఎగతాళి చేశావు. నీతోపాటు నవ్విన యాదయ్య పెద్దనాన్న ఇవాళ పొద్దున మా ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నాడు.

సొంతంగా ఊపిరి తీస్తాడో లేదో చూద్దామని డాక్టర్ మిషన్ సాయం బాగా తగ్గించారు. నాకు పని నేర్పే మేడమ్ అల్ట్రాసౌండ్ ప్రోబ్ నా చేతికిచ్చారు. పక్కటెముకల కింద ఆనించి చూస్తే ఉదరవితానం, అంటే శ్వాసను లోపలికి లాగే కండరం, తెల్లని గీతలా కదులుతోంది.

"బిడ్డా, ఊపిరి మిషన్‌దా, ఆయనదా?" పెద్దమ్మ అడిగింది.

"ఆయనదే పెద్దమ్మా. సూడు, ఎట్ల గుంజుతున్నడో!"

సాయంత్రం గొంతులోని గొట్టం తీశారు. పెద్దనాన్న నాకు దండం పెట్టాడు.

నాకు కావలసింది ఆయన దండం కాదు. నీ ముఖం చిన్నబోతే చూద్దామనుకున్నాను. ఆ ఒక్కటీ చూడనివ్వకుండా నిరుడే చచ్చిపోయావు. అది మాత్రం నేను క్షమించను.