చేయి జారిన కెమెరా

అక్కా,

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "తర్వాత మాట్లాడతా" అని పెట్టేస్తున్నాను. కోపం తెచ్చుకోకు. నోటితో చెప్పలేక రాస్తున్నాను. మీ మరిది ఆస్పత్రిలో ఉన్నారు. తలకు పెద్ద దెబ్బ తగిలింది, ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. ఇంకా స్పృహ రాలేదు. వార్డు బయట బెంచీ మీద కూర్చుని, కలం పిడికిట్లో పట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు కొంకర్లు పోతే సర్దుకుని చదువుకో.

అందరికీ నేను చెప్పింది ఒకటుంది. డాన్సు స్కూలు పిల్లల ప్రదర్శనకి హాలు బాల్కనీ నుంచి ఫొటోలు తీస్తుంటే కెమెరా బెల్టు తెగింది, కింద నిలబడ్డ ఆయన మీద పడింది, అని. బెల్టు తెగలేదక్కా. కొన్నాళ్ళుగా మెడ లాగేస్తోందని నేనసలు దాన్ని కెమెరా నుంచి విప్పేసి బ్యాగులో పడేశాను. తర్వాత ఆస్పత్రి బాత్రూములో తలుపు గడియ పెట్టుకుని, బ్యాగులోని కత్తెరతో ఆ బెల్టుని నేనే కోసేశాను. అటు ఆయన్ని లోపలికి తోసుకుపోతుంటే ఇటు నేను చేసిన పని అది.

నా కుడిచెయ్యి పోతోంది. వేళ్ళు ఉన్నట్టుండి మొద్దుబారిపోతాయి. పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉందనుకుంటాను, చూస్తే కింద ఉంటుంది. మొదటిసారి కెమెరా మా వంటింట్లో పడింది. గచ్చు పలక పగిలింది గాని దానికేమీ కాలేదు. ఇంకోసారి స్టూడియో మెట్ల మీద నుంచి వీధి గుమ్మందాకా దొర్లుకుంటూ పోయింది. ఒక మూల చిన్న సొట్ట, అంతే. నొక్కితే షట్టరు టక్కుమంది. మీ మరిది పడీపడీ నవ్వారు. "దీన్ని చేసినవాడెవడో గాని, మనుషుల్ని చెయ్యాల్సింది!" అన్నారు. నేనూ నవ్వాను. ఆ పాడు వస్తువు ఒక్కసారి పగిలి ఉంటే ఎలా పడిందని, ఏమైందని ఎవరో ఒకరు నన్ను నిలదీసేవారు. అది చెక్కుచెదరలేదు. అందుకే నా చెయ్యి సంగతి గుట్టుగా ఉండిపోయింది.

కెమెరా పట్టలేని ఫొటోగ్రాఫర్ని ఎవరు పిలుస్తారు? ఈ పని తప్ప నాకింకోటి చేతకాదు. ఆ భయంతోనే దాచాను.

ఆ రోజు ఆయన వేదిక పక్కన లైట్ల దగ్గర ఉండాలి. బాల్కనీ కిందికి ఎందుకొచ్చారో తెలియదు. పడిన చప్పుడు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది.

ఒకటి నిర్ణయించుకున్నాను. ఆయన లేచి కూర్చోగానే నీ దగ్గరికి వచ్చేస్తాను. ఎందుకో ఆయనకు చెప్పను. ఈ చేతితో ఆయన పక్కన నిలబడే మొహం నాకు లేదు. మీ ఇంట్లో ఓ మూల చోటివ్వు, బావగారికి ఏదో ఒకటి చెప్పు.

నీ చిన్ని


అక్కా,

ఇంకా కళ్ళు తెరవలేదు. తలలో రక్తం గడ్డకట్టిందని ఆపరేషన్ చేశారు. ఒప్పుకుంటున్నట్టు నన్ను సంతకం పెట్టమన్నారు. కలం నిలవలేదు. నర్సమ్మ కంగారనుకుని నా మణికట్టు పట్టుకుని, "ధైర్యంగా ఉండండమ్మా, కాళ్ళూ చేతులూ ఆడవు ఇలాంటప్పుడు" అంది. నిజం ఆమె చేతిలోనే ఉంది, ఆమెకు తెలియలేదు.

డాన్సు టీచరు కెమెరా తెచ్చిచ్చింది. పాపం, నన్ను ఊరడించాలని, "అంత ఎత్తు నుంచి పడ్డా ఎంత గట్టిగా ఉందో చూడండి, మేడం! చక్కగా పనిచేస్తోంది" అంది. ఆవిడ తుడిచే తెచ్చింది. అయినా లెన్స్ అంచున ఆయన వెంట్రుక ఒకటి ఉంది. అది పగలకుండా ఉండేది ఇనపగుండులాంటి ఆ బరువైన ఒంటి వల్లే కదక్కా. ఆ బరువంతా ఆయన తల మీద పడింది. మనిషి తలకి అలాంటి కవచం ఎవరూ చెయ్యలేదు.

ఆయన పోతే నేనుండను. ఈ మాట అమ్మకి చెప్పకు.

చిన్ని


అక్కా,

దస్తూరీ చూసి హడలిపోకు. నేను చెబుతుంటే మీ మరిది రాస్తున్నారు. అవును, ఆయనే. ఎడమ చెవి సరిగా వినబడటం లేదు, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. కానీ మనిషి దక్కారు.

కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "పిల్లలకేం కాలేదుగా?"

"లేదు. మీరక్కడెందుకున్నారు?"

"నువ్వు పైనున్నావుగా."

నాకు అర్థం కాలేదు. ఆయన చాలాసేపు ఆయాసపడి చెప్పారు. "మెట్ల మీద పడేసినప్పుడే అనుమానమొచ్చింది. జాకెట్టు హుక్కులు పెట్టుకోడానికి నీకెంతసేపు పడుతోందో నేను చూడట్లేదా? అప్పట్నుంచీ నువ్వు ఎత్తుకెక్కితే నేను కింద నిలబడుతున్నా. పడితే పట్టుకుందామని. ఆ రోజు నా వెనకే పిల్లలు కూర్చున్నారు. పక్కకి తప్పుకోలేకపోయా."

"తెలిసి ఒక్క మాటా అడగలేదేం?"

"అడిగితే పని మానేస్తావని. నువ్వే చెప్తావని చూశా."

ఏడవాల్సింది పోయి నాకు ఒళ్ళు మండిపోయింది. "మీరు నాకు దాచి, నేను మీకు దాచి, మధ్యలో ఎవరి బిడ్డ తలో పగిలేది!" అని అరిచాను. "అవును, తప్పే. ఇద్దరిదీ," అన్నారు. (ఈ వాక్యం రాయనని కాసేపు మొండికేశారు.)

డాన్సు టీచరు ఇంటికి వెళ్ళి బెల్టు సంగతి చెప్పేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. "మా అమ్మాయి కూడా ఆ బాల్కనీ కింది వరసలోనే కూర్చుందండీ," అంది. తలుపు వేసుకుంది. వేసుకోవాలి కూడా.

ఆయన్ని చూసే డాక్టరుకే నా చెయ్యి చూపించాను. మెడలో నరం నలిగిపోతోందట. ఆపరేషన్ చెయ్యాలి. పట్టు తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు, ముందే చెప్పలేనన్నారు. అందాకా కెమెరా ముట్టుకోను. స్టూడియోకి తాళం వేశాం. మీ ఇంటికి మాత్రం రావడం లేదు. నువ్వే రా. ఇక్కడ ఇద్దరు రోగులం, మమ్మల్ని తిట్టడానికైనా ఒక మనిషి కావాలి.

ఇప్పుడే ఆయన "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. నాకు భయంగా ఉందక్కా, చాలా భయంగా ఉంది. అది కూడా రాయమన్నాను. రాశారు.

నీ
చిన్ని