రెండో అంకం పాట

ప్రియమైన అక్కకి,

నాటకానికి ఇంక మూడు వారాలే. నాకు ఒక్కచోట కాలు నిలవడం లేదు. టైర్ల కొట్టు పైన అద్దె హాల్లో పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం దాకా రిహార్సలే. కింద సుత్తి దెబ్బలు, పైన మా తాళం.

మా నిర్మాత సంగతి తెలుసుగా. "హిట్టయిన పాత సినిమా ఒకటి తీసుకుని ఆ పాటలే స్టేజీ మీద పాడించు. జనం ఇంటి దగ్గరే నేర్చుకుని వస్తారు" అన్నాడు. పదేళ్ళుగా మేం చేసింది అదే. ఈసారి ససేమిరా అన్నాను. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆడవాళ్ళ కథ, పద్నాలుగు పాటలు, అన్నీ నేను కట్టినవే. 'ఒక్క బాణీ కూడా అరువు కాదు' అని పోస్టరు మీద పట్టుబట్టి వేయించాను.

రెండో అంకంలో పెద్దావిడ పని మానేసి వెళ్ళిపోతూ పాడే పాట మాత్రం నెలరోజులు ఏడిపించింది. మొన్న పళ్ళు తోముకుంటుంటే మొత్తం ఒక్కసారిగా వచ్చేసింది. టేపు పంపుతున్నాను. విని రాయి.

నీ పిచ్చుక

పిచ్చుకకి,

టేపు అందింది. పాటలు బాగున్నాయి. ఆ రెండో అంకం పాట కూడా. ఇక్కడ కట్టుడు పళ్ళ ల్యాబులో ఊపిరాడని పని. ఒక పెద్దాయనకి చేసిన పళ్ళ సెట్టు మూడోసారి తిరిగొచ్చింది. పెట్టుకుని నవ్వితే తన నవ్వులా లేదట. మొదటి ప్రదర్శనకి రావడం కుదరదేమో. వేళకి తిను.

అక్క

అక్కా,

నాలుగు ముక్కలు రాసి ఊరుకున్నావేం? మామూలుగా నా పాట వింటే రెండు పేజీలు తిడతావు కదా.

ఆ పాట నాకు నిద్ర లేకుండా చేస్తోంది. హార్మోనియం మాస్టారు వాయిస్తూ వాయిస్తూ ఆపి, "ఎక్కడో విన్నట్టుందమ్మా" అన్నారు. నాకూ అదే అనుమానం. అంత సులువుగా వచ్చిందంటే నాది కాదేమో. రెండు రోజులు పాత రికార్డులన్నీ తిరగేశాను. దొరకలేదు. నిర్మాత నవ్వుతున్నాడు: "విన్నట్టుంటేనే కదా జనానికి నచ్చేది."

పోస్టరు చూస్తే ఒళ్ళు మండుతోంది. వచ్చే వారం ఆ పాట తీసేస్తాను. నీ చెవి మీద నాకు నమ్మకం. ఎక్కడ దొంగిలించానో తెలిస్తే దాచకుండా చెప్పు.

పిచ్చుక

నా పిచ్చుకకి,

పాట తీయకు. ఈ ఉత్తరం నీ నిర్ణయం కంటే ముందు చేరాలని కొరియర్‌లో వేస్తున్నాను.

రికార్డుల్లో వెతక్కు, అందులో లేదు. మాస్టారూ విని ఉండరు. కొన్ని బాణీలు అలా అనిపిస్తాయంతే. నీకు ఆరేళ్ళప్పుడు పదకొండు రోజులు జ్వరం వచ్చింది. అమ్మ పనికి వెళ్ళేది. మధ్యాహ్నాలు నీ మంచం పక్కన కూర్చుని నేను ఆ బాణీ కట్టి పాడేదాన్ని. అప్పటికి నాకు పదహారు. ఆ ఏడే నాన్న పోయారు, నేను సంగీతం మానేసి ల్యాబులో చేరాను.

టేపు విన్నాక రెండు రోజులు దాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. నేను కట్టింది ఒకే ఒక్కటి, అదీ నీ పేరున పోయిందని ఉక్రోషం. నీకు గుర్తే లేదని అంతకంటే ఎక్కువ. మళ్ళీ పెట్టుకుని విన్నాను. నా బాణీ రెండో పాదంలో కిందికి దిగుతుంది. నువ్వు పైకి తీసుకెళ్ళావు. నీదే బాగుంది.

నా పేరు ఎక్కడా వద్దు. పాడించు చాలు.

అక్క

అక్కా,

ఉత్తరం మెట్ల మీదే విప్పి చదివాను. తర్వాత హాల్లోకి వెళ్ళి అందరి ముందూ చెప్పేశాను. నిర్మాత, "సొంత అక్కే కదమ్మా, ఇంట్లో విషయం, పోస్టర్లు మళ్ళీ ఎవరు వేస్తారు" అన్నాడు. మళ్ళీ వేయనక్కర్లేదని చెప్పి, ఊళ్ళో ఉన్న నూట పది పోస్టర్ల మీదా నేనే నిచ్చెన వేసుకుని కాగితం పట్టీ అంటించాను. 'అరువు కాదు' అన్నచోట ఇప్పుడు నీ పేరు ఉంది.

నిన్న మొదటి ప్రదర్శన అయింది. ఆ పాట రెండుసార్లు పాడించుకున్నారు. నువ్వు రాలేదని బాధగా ఉంది. ఇన్నేళ్ళూ నన్ను చదివించి, నీ సంగతి నువ్వెప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు. క్షమించు.

నీ పిచ్చుక

పిచ్చుకకి,

వచ్చాను. బాల్కనీలో చివరి వరస, స్తంభం పక్కన. నీ కళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేక చెప్పకుండా బస్సెక్కేశాను.

పట్టీ మీద నా పేరు చూసి సిగ్గుపడ్డాను. నీకు సగమే చెప్పాను మరి. ఆ జ్వరంలో నువ్వు కళ్ళు తెరవకుండా మూలిగేదానివి. ఎప్పుడూ ఒకే మూడు స్వరాలు, మూడోది కాస్త సాగదీసి. ఊరికే మూలుగు వింటూ కూర్చోలేక, భయం తీరక, ఆ మూడింటికే ముందూ వెనకా అల్లుకుంటూ పోయాను. పాట మొదలయ్యేది వాటితోనే. అంటే మొదలుపెట్టింది నువ్వు.

అయినా పట్టీలు పీకొద్దు. నా పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూసుకోలేదు.

ల్యాబులో వారం సెలవు అడిగాను. ఇచ్చారు. బుధవారం వస్తున్నాను, పాడుకోవడానికి.

అక్క