ఇంట్లో లేదని చెప్పిన ఉదయం

కాటన్‌పేట,
బెంగళూరు.

పూజ్యురాలైన అక్కయ్య పాదాలకు తమ్ముడు విశ్వపతి ప్రణామాలు.

నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉన్నది? బావగారు సాయంకాలం నడకకు వెళ్తున్నారా? మడకశిరలో మంచి వాన పడిందని విని సంతోషించాము. ఇక్కడ మేమిద్దరమూ క్షేమమే. నీ మనుమరాలు భార్గవి వేళకు తింటున్నది, వేళకు నిద్రపోతున్నది. ఆ విషయంలో దిగులు వద్దు.

ఫోను ఉండగా ఉత్తరమెందుకని అనుకొంటావు. నీ గొంతు వింటే చెప్పదలచినది చెప్పలేనని భయపడి రాస్తున్నాను. భుజం నొప్పి వల్ల విదేశీ పోటీలకు వెళ్ళడం లేదని భార్గవి నీతో అన్నది. నీవు వెంటనే నూనె కాచి బస్సు కండక్టరు చేత పంపించావు. ఆ సీసా నా ఎదుటే ఉన్నది, మూత తీయలేదు. దాని భుజానికి ఏ నొప్పీ లేదు. జట్టులో అది లేకపోవడానికి కారణం నేను.

బలం పెంచే మందులు వాడలేదని ఈ ఆటగాళ్ళు ఎప్పటికప్పుడు రుజువు చేసుకోవాలి. ప్రతిరోజూ ఒక గంటసేపు ఎక్కడ ఉంటారో ముందే తెలియజేస్తారు. ఆ గంటలో పరీక్షకులు చెప్పకుండా వస్తారు. మనిషి కనబడకపోతే తప్పు పడుతుంది. ఏడాదిలో మూడు తప్పులైతే నిషేధం. రైలు ఆలస్యమై ఒకటి, బస మారిన సంగతి తెలపడం మరచి మరొకటి, దానికి అప్పటికే రెండు పడి ఉన్నాయి. "పొద్దున ఎవురొచ్చినా నన్ను లేపు తాతా" అని ఒక సాయంత్రం ఇదంతా నాకు వివరించిందట. అప్పుడు నేను జపంలో ఉన్నాను. మౌనం చెడకూడదని తల ఊపాను. విన్నానని అది నమ్మింది. నా చెవిన ఒక్క ముక్క పడలేదు.

ఆ ఉదయం అది దూరప్రయాణం చేసి వచ్చి గాఢనిద్రలో ఉన్నది. నిద్ర చెడుతుందని దాని ఫోను తీసి పూజగదిలో పట్టుబట్ట కింద దాచాను. వాకిట గంట మోగింది. ఒక స్త్రీ, ఒక పురుషుడు, మెడల్లో గుర్తింపు కార్డులు.

"భార్గవిగారు ఉన్నారా సార్? శాంపిల్ తీసుకోవాలి" అన్నది ఆమె.

"ఏమి శాంపిల్?"

"యూరిన్ సార్. నేను పక్కనే నిలబడి చూడాలి. అది రూల్."

ఆడపిల్ల మరుగుకు పోతే పరాయి మనిషి నిలబడి చూడడమా అని నాకు ఒళ్ళు మండింది. "ఇంట్లో లేదు" అన్నాను. ఎప్పుడు వస్తుందంటే "ఊళ్ళోనే లేదు" అన్నాను. సత్యవాక్కును గురించి ఇన్నేళ్ళు ప్రవచనాలు చెప్పిన నోటికి ఆ మాట అంత సులువుగా ఎలా వచ్చిందో తెలియదు. వారు గంటసేపు వాకిట్లోనే నిలిచి మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. పాలకోసం మేడ దిగి వచ్చిన ఇంటి యజమానురాలు నాగరత్నమ్మ, "ఎవురు స్వామీ వాళ్ళు, అంతసేపటినుంచి నిలబడుకోని ఉండారు?" అని అడిగితే, ఇల్లు తప్పి వచ్చారన్నాను. పిల్లను కాపాడుకొన్నానని లోలోపల గర్వపడ్డాను కూడా.

భార్గవి లేచి సంగతి విన్నది. కోపగించలేదు. మెట్టుమీద కూర్చుండిపోయింది.

"నేను లేనని చెప్పినావా?"

"నీ నిద్ర చెడుతుందని."

"నిద్రదేముంది తాతా. ఆటే పోతాది ఇప్పుడు."

నీ ఇత్తడి తాంబాళం పెరట్లో విసిరి సొట్టలు పెట్టి, నీచేత దెబ్బలు తిన్న పిల్ల. దోహాలో, బ్యాంకాక్‌లో మన దేశం పేరు వీపున కట్టుకొని డిస్కస్ విసిరింది. దాని చేతినుండి ఆ చక్రం వెడలుతుంటే విష్ణుహస్తం స్ఫురిస్తుందని నలుగురిలో చెప్పుకొని మురిసినవాణ్ణి నేనే. చేతినుండి వెడలినదాన్ని వెనుకకు పిలవలేమని మాత్రం నాకు తోచలేదు.

విచారణ కంప్యూటరు తెరమీద జరిగింది. నేను అబద్ధమాడానని అధికారితో చెప్పుకొన్నాను. "ఆనాడు అబద్ధం చెప్పారు. ఈనాడు చెప్పేది నిజమని ఎలా నమ్మమంటారు సార్?" అని ఆయన మర్యాదగానే అడిగాడు. అప్పుడు మా పక్కనే కూర్చుని ఉన్న నాగరత్నమ్మ తెర ముందుకు వచ్చింది.

"బిడ్డ లోపల్నే ఉండాది సార్ ఆ పొద్దు. గురక నాకు మెట్లమీదికి వినబడతా ఉండింది. ఇంత పెద్ద స్వాములు అబద్ధం చెప్తాడని ఎవురనుకుంటారప్పా?"

"గురక సంగతి చెప్పాల్నా ఆంటీ?" అని భార్గవి తల పట్టుకొన్నది. అధికారి కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

తప్పు దానిది కాదని తేల్చి ఆ మూడవదాన్ని కొట్టివేశారు. అయితే విచారణ ముగిసేవరకు దాని పేరు పక్కన పెట్టారు. ఈలోగా జట్టు ఎంపిక జరిగిపోయింది. "పోనీలే తాతా, వచ్చే ఏడు ఉండాది గదా" అన్నది. ఈ ఆటలో, ఈ వయసులో ఒక ఏడాది అంటే ఏమిటో దాని కోచ్ ముఖం చూసి తెలుసుకొన్నాను. "జేజికి చెప్పద్దు, నిన్ను తిడతాది" అని నా ఎదుటనే నీకు ఫోను చేసి భుజం నొప్పి కథ చెప్పింది. నా అబద్ధాన్ని కప్పడానికి పిల్ల అబద్ధమాడవలసి వచ్చింది. అది నేను భరించలేకపోతున్నాను. నిన్ను మోసపుచ్చిందని దానిమీద కోపం పెట్టుకోవద్దు.

శ్రావణమాసం పురాణానికి ఈసారి మరొకరిని పిలుచుకొమ్మని గుడి పెద్దలకు చెప్పు. కారణం అడిగితే దాచవద్దు.

ఇప్పుడు ఆ గంటలో జపం మానుకొన్నాను. వాకిలి తెరిచి అక్కడే కూర్చుంటున్నాను. ఈ ఉదయం ఆ ఇద్దరే మళ్ళీ వచ్చారు. "ఈరోజైనా ఉన్నారా సార్?" అన్నది ఆమె. "ఉన్నది తల్లీ, లోపలికి రండి" అని నేనే వెళ్ళి పిల్లను లేపాను.

బావగారికి నా నమస్కారాలు. పిల్లను మనసారా దీవించు. నన్ను దీవించడం నీకు చేతనైనప్పుడే. నూనె సీసా ఈ ఉత్తరంతో తిప్పి పంపుతున్నాను. నీ మోకాళ్ళకు రాసుకో.

నీ మన్నింపు కోరే తమ్ముడు,
విశ్వపతి