బనీను లేని మొదటి పోటీ

మంగళవారం, రంగూన్

ఇన్నాళ్ళూ అమెచ్యూర్‌ని కాబట్టి బనీను వేసుకునే బాక్సింగ్ చేశాను. రేపు ప్రొఫెషనల్‌గా మొదటి పోటీ, ఒంటి మీద బనీను ఉండకూడదు. ఛాతీ మీద తెలుగులో పచ్చబొట్టు పొడిపించుకున్న అయ్య పేరు అందరికీ కనిపిస్తుంది. బర్మా పల్లెల్లో తెల్లదొరల మీద తిరుగుబాటు లేచినప్పటి నుంచి ఇక్కడి బర్మా వాళ్ళు మన తెలుగువాళ్ళని చూస్తేనే మండిపడుతున్నారు.

పోటీ పెట్టే బర్మా ఆసామి ఊ బ, వాళ్ళు మొహానికి రాసుకునే చెక్కగంధం పంపి, పచ్చబొట్టు మీద దట్టంగా పుయ్యమన్నాడు. నన్ను బరిలోకి బర్మా పేరు పెట్టి పిలిపిస్తాడట.

అమ్మ విని, "ఏట్రా, రెండో రౌండుకే సెమటకి కారిపోద్ది. అప్పుడు తెలుగోడివనీ తెలుస్తాది, దాసుకున్నావనీ తెలుస్తాది," అంది.

భయం లేదని రాయను. గంధం మాత్రం తిప్పి పంపేశాను. పొద్దున్నే ఊ బ దగ్గరికెళ్ళి, సింహాద్రి అని నా సొంత పేరుతోనే పిలవమంటాను.

బరిలో నేను కొట్టాల్సింది ఒక్కణ్ణే. మిగతావాళ్ళు చూస్తే చూడనీ.