సినిమాలో మేక ఏది?

కిటెంగా, మసాకా దగ్గర

మా మేనల్లుడు డెనిస్‌కి, పాస్కలి మామయ్య ఆశీస్సులు.

మేమంతా కులాసా. అరటితోట కులాసా. మీ అత్త మోకాలు మాత్రం కులాసా కాదు. నువ్వెలా ఉన్నావు, నువ్వు పనిచేసే సినిమాల కొట్టు ఎలా ఉంది, కంపాలాలో వానలు ఎలా ఉన్నాయి? మర్యాదలయ్యాయి కనక అసలు సంగతికొస్తాను.

నా సినిమా షెడ్డుకి గండం వచ్చింది. మన ఊరి ఛైర్మన్ కాకెంబో మొన్న గుమ్మంలో నిలబడి, "పాస్కలీ, నీ షెడ్డులో పొద్దస్తమానం తన్నులూ తుపాకులే. పిల్లలు బళ్ళో అదే పని చేస్తున్నారు. వచ్చే ఆదివారం నేనూ, ఫాదరూ, ఆడవాళ్ళూ వస్తాం. ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వే సినిమా వేశావా, సరే. లేదా, షెడ్డుకి తాళం వేసి కాఫీ గింజలు పోయిస్తా" అన్నాడు.

పిల్లనడగడానికి వెళ్ళిన రోజున దారిలో దొంగల్ని ఎదిరించినవాణ్ణి నేను. అలాంటివాణ్ణి ఈ కాకెంబోకి భయపడుతున్నానంటే చూడు. ఈ వయసులో కాఫీ మూటలు మోయలేను. నా తిండీ, నా తోడూ ఈ షెడ్డే. ఇన్నాళ్ళూ తన్నుల సినిమాలే తెచ్చాను, తన్నులకి భాష అక్కర్లేదు కనక. నవ్వు సినిమాలు నాకు తెలియవు. జనం మరిచిపోయిన మంచిదేదైనా ఉంటే వ్యాను డ్రైవరు కిగోజి చేతికిచ్చి పంపు.

ఇట్లు,
మీ మామయ్య పాస్కలి

తా.క.: కాకెంబో నవ్వడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. తన పెళ్ళి ఫొటోలోనే సాక్షిలా నిలబడ్డాడు.

*

కంపాలా

పూజ్యులైన మామయ్యకి డెనిస్ నమస్కారాలు.

మీరేం దిగులు పెట్టుకోకండి. నా దగ్గర ఒకటుంది. పెద్ద బజారువాళ్ళు దాన్ని పట్టించుకోలేదు గానీ, మా వీధిలో దాన్ని మించిన నవ్వు సినిమా లేదు. ఇండియాది. ఇక్కడ సినిమా అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. మా కొట్టుకొచ్చి "మేక లాక్కెళ్ళిన పెద్దమనిషి" ఇవ్వమని అడుగుతారు. మొదటి పాటకే బెంచీలు తిరగబడతాయి.

పెద్దలు చూసేది కనక మధ్యలో ఏ గోలా లేని శుభ్రమైన కాపీ ఏరి పంపుతున్నాను.

మీ విధేయుడు,
డెనిస్

తా.క.: మిడతల కాలం కదా, అత్త వేయించినవి ఒక డబ్బాడు కిగోజి చేత పంపరూ?

*

కిటెంగా

డెనిస్‌కి,

ఈసారి ఆశీస్సులు లేవు.

నీ సినిమా వేశాను. ఒక తల్లి, ఇద్దరు కొడుకులు. మొదటి పాటకే తండ్రి పోయాడు. రెండో పాటకి చిన్నవాడు తప్పిపోయాడు. భాష తెలియకపోతేనేం, ఏడుపు తెలుస్తుంది కదా. ఏడ్చి ఏడ్చి ఆ తల్లికి కళ్ళు పోయేసరికి ఆడవాళ్ళు చావింట్లోలా గొంతెత్తారు. ఫాదర్ జపమాల తీశాడు. కాకెంబో నా భుజమ్మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ఏడ్చినందుకు కోపమొచ్చి, "నవ్విస్తానని పిలిచి ఊరందరిముందు పరువు తీస్తావట్రా?" అని తాళం కొనుక్కొచ్చాడు.

అంతటితో పోలేదు. చివర్న ఆ తల్లి చచ్చిపోయింది. చచ్చిపోతే పాతిపెట్టాలా? కాల్చేశారు! మట్టి చెయ్యకుండా దుఃఖం ఎలా తీరుతుందని మన ముసలమ్మలు షెడ్డు ముందే నెగడు వేసి కూచున్నారు. ఖననం అయ్యేదాకా ఊళ్ళో ఎవరూ తోటపనికి పార పట్టకూడదన్నారు. చివరికి శవం దొరకనప్పుడు చేసినట్టే అరటిబోదెని గుడ్డలో చుట్టి పాతిపెట్టాం. బోదె నా తోటలోదే.

మీ మామయ్య

తా.క.: మేక ఏది? మొదట్నుంచీ చివరిదాకా చూశాం. ఆవు వచ్చింది, ఏనుగు కూడా వచ్చింది. మేక లేదు. అందుకని మిడతలూ లేవు.

*

కంపాలా

మామయ్యకి నమస్కారాలు.

నాకు చాలా ఆశ్చర్యంగా ఉంది. ఇక్కడ ఆ తల్లి గుడ్డిదై గోడకి గుద్దుకోగానే జనం పొట్టలు పట్టుకుంటారు. చితి దగ్గరైతే చెప్పనే అక్కర్లేదు, ఒకాయన నవ్వలేక కట్టుడుపళ్ళు మింగబోయాడు. మీవాళ్ళు సరిగ్గా చూసినట్టు లేరు. ఇంకోసారి వేసి చూడండి. మేక సంగతి తీరిగ్గా మాట్లాడుకుందాం.

డెనిస్

తా.క.: అరటిబోదె పోయినందుకు నా సంతాపం.

*

కిటెంగా

నాయనా డెనిస్,

నీ ఉత్తరం ఫాదర్‌కి చదివి వినిపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, నీ పేరున పూజ చేస్తానన్నాడు. తల్లి చితి చూసి నవ్వే ఊళ్ళో మా అక్క మరియా కొడుకు బతుకుతున్నాడా? అక్క పోవడమే మంచిదైంది, ఈ మాట వినకుండా.

తప్పు నీది కాదు, ఊరిది. బుర్ర చల్లబడే ఆకుమందు నూరించి మీ నాన్న అక్కకి, అదే మీ మేనత్తకి ఇచ్చి కిగోజి వ్యాను ఎక్కించాను. మారుమాట్లాడకుండా మింగు.

ఫాదర్ బతిమాలితే కాకెంబో ఇంకొక్క ఆదివారం గడువిచ్చాడు. తాళం మాత్రం తలుపుకే వేలాడదీసి వెళ్ళాడు. పొద్దున్నే లేచి నేను చూసే మొదటి మొహం ఆ తాళానిదే. ఏదో ఒకటి చెయ్యరా.

మామయ్య

తా.క.: మేక సంగతి నువ్వు దాటేశావని కాకెంబో కనిపెట్టాడు.

*

కంపాలా

మామయ్యకి,

మేనత్త వచ్చింది. మెడ పట్టుకుని మందు మింగించింది. ఉదయం తిన్న అరటికాయ కూడా ఇంకా చేదుగానే ఉంది. ఇక చెప్పక తప్పదు.

ఇక్కడ సినిమా నడుస్తుంటే పక్కన ఒకడు మైకు పట్టుకుని కూచుంటాడు. వాళ్ళు మాట్లాడేది మన భాషలో చెబుతాడు. చెప్పడంతో ఊరుకోడు, మధ్యలో తన సొంత కబుర్లన్నీ దూరుస్తాడు. సినిమా ఏదైనా జనం నవ్వేది అతని మాటలకే. మీకు పంపింది అతని గొంతు ఎక్కించని కాపీ. ఇప్పుడు గొంతుతో ఉన్నది పంపుతున్నాను. షెడ్డు దక్కాలంటే ఇది తప్ప దారి లేదు.

అతన్ని వీధిలో చిలక అంటారు. ఉట్టి వాగుడుకాయ. ఆ గొంతు ఎవరిదా అని ఆలోచించకండి. కబుర్లలో ఒక మామయ్య కూడా వస్తాడు. లోకంలో మామయ్యలు చాలామంది ఉంటారు.

మీ ప్రేమకి పాత్రుడైన,
డెనిస్

తా.క.: మేక ఇందులో ఉంది.

*

కిటెంగా

ఒరేయ్ చిలకా!

నోరు తెరిచిన మొదటి మాటకే అది నీ గొంతని షెడ్డంతా గుర్తుపట్టింది. తెర మీద ఆ తల్లి కొడుకు కోసం గుండెలు బాదుకుంటోంది. నువ్వేమన్నావు? "కొడుకు కోసం కాదమ్మలారా, మా మామయ్య కోసం ఏడుస్తోంది. కాబోయే అత్తారింటికి నల్ల మేకని కానుక తీసుకెళ్తుంటే, మేకే ఆయన్ని చిత్తడిలోకి తీసుకెళ్ళింది. కొత్త తెల్ల అంగీ అంతా బురదే. ఇంటికొచ్చి దొంగలు పడ్డారని చెప్పాడు!"

అందరి తలలూ నావైపు తిరిగాయి.

కాకెంబో నెమ్మదిగా లేచాడు. "పాస్కలీ! ఆ దొంగల కోసం కుర్రాళ్ళందర్నీ వెంటేసుకుని కొండలన్నీ గాలించింది నేను. కాలు కూడా విరగ్గొట్టుకున్నాను. దొంగ మేకా?" అన్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. అంతలో నువ్వు తెర మీంచి మేకలా అరిచావు. కాకెంబో మూతి వణికింది. తర్వాత నవ్వాడు చూడు, ఫాదర్ భయపడి నీళ్ళు తెప్పించాడు. ఇక ఎవరూ ఆగలేదు. ముసలమ్మలు నేలమీద దొర్లారు. మీ అత్త, దొంగల్ని ఎదిరించిన మగాడని నన్ను చేసుకున్న మనిషి, మోకాలి సంగతే మరిచి లేచి నిలబడి నవ్వింది.

నిన్ను తన్నాలనే అనుకున్నాను. కానీ ఒక సంగతి. ఆ రోజు చిత్తడి దగ్గర నన్ను చూసింది ఒక్క మా అక్కే. నా అంగీ ఉతుకుతూ ఎవరికీ చెప్పనని ఒట్టేసింది. నీకు చెప్పిందన్నమాట. మేకలా అరిచి, ఊపిరందక మధ్యలో ఆగి మళ్ళీ నవ్వావే, అది అచ్చం మా అక్క నవ్వు. ఊరంతా నవ్వుతుంటే నేనొక్కణ్ణే ఏడ్చాను. కాకెంబో నన్ను చూసి, "నువ్వింకా పాత కాపీయే చూస్తున్నావేంట్రా?" అని భుజమ్మీద చెయ్యి వేశాడు.

తాళం తీసి నాకే ఇచ్చేశాడు. వచ్చే ఆదివారం నువ్వే రా. మైకు తెచ్చుకో, తెర పక్కన కుర్చీ వేయిస్తాను. నువ్వు చెప్పినదాంట్లో తప్పుంది, మేక నల్లది కాదు, చుక్కలది. డబ్బా నిండా మిడతలు పంపుతున్నాను. మందు మానెయ్.

ఇట్లు,
మేక లాక్కెళ్ళిన పెద్దమనిషి

తా.క.: కాకెంబో అలిగాడు. కాలు విరగ్గొట్టుకున్న తన గురించి అంత సినిమాలో ఒక్క ముక్క లేదట. ఆయన మీద ఏదైనా కథ కట్టి పట్టుకురా. ఇచ్చింది తాళమేనట, చెవి ఇంకా తన దగ్గరే ఉందట.